పుట్టుమచ్చ కోసం వెతికిన హీరో

1986లో వచ్చిన ‘లేడీస్ టైలర్’లో సుందరం చేతిలో మంచి పనుంది. ఊళ్లో ఆడవాళ్లకు అతను కుట్టిన రవికే కావాలి. అతనికే ఒళ్లు వంగదు. కుడితొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్లని చేసుకుంటే దశ తిరుగుతుందని జోస్యం వినగానే కుట్టుమిషను వదిలేసి మచ్చ వేటలో పడతాడు. బద్ధకస్తుడు, అబద్ధాలకోరు, అవసరమైతే ప్రేమనూ నటిస్తాడు. అయినా దాదాపు నలభై ఏళ్లుగా జనం అతన్ని మర్చిపోలేదు. ఆ ఏడాది తెరమీద దుష్టశిక్షణ చేసిన హీరోల పేర్లు ఎందరికి గుర్తున్నాయి?

ఆ సినిమా తీసిన వంశీది రామచంద్రపురం దగ్గరి పసలపూడి. తర్వాత స్వాతి వారపత్రికలో ఆయన ‘మా పసలపూడి కథలు’ రాశారు, బాపు బొమ్మలతో, 70కి పైగా. ఆ కథల్లోని వాళ్లు తిండి దగ్గర ఆశపడతారు, పంతాలకు పోతారు, మనసు విషయంలో తడబడతారు. అందుకే చదివినవాళ్లకి తమ వీధిలోని ఎవరో ఒకరు గుర్తొస్తారు.

కొత్తగా కలం పట్టినవాళ్లు మాత్రం మంచివాడితోనే మొదలుపెడతారు. టీవీ సీరియల్ కోడలు ఎన్ని నిందలు పడ్డా పెదవి విప్పదు. ఆమె తర్వాత ఏం చేస్తుందో చూసేవాళ్లకు ముందే తెలుసు కాబట్టి, మిగతా కథంతా అత్తగారి కుట్రలే నడపాలి. లోపమున్న మనిషికి ఆ సాయం అక్కర్లేదు. తన చిక్కులు తనే తెచ్చుకుంటాడు.

వంశీ ఊరున్న గోదావరి సీమకు లోపమున్న మనిషి కథ కొత్తేమీ కాదు. తెలుగులో తొలి నవలగా చాలామంది చెప్పుకునే కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్ర’ 1880లో పుస్తకంగా వచ్చింది. ధవళేశ్వరంలో ఉండే రాజశేఖరుడు చదువుకున్నవాడు, దయగలవాడు. పొగిడితే చాలు, కరిగిపోతాడు. బంగారం చేసిస్తానన్న బైరాగి చేతికి ఇంట్లో ఉన్న బంగారం అప్పగిస్తాడు. ఆస్తి పోయి ఊరు వదిలే దాకా కథను లాక్కెళ్లింది ఆ ఒక్క బలహీనతే. చివర్లో అన్నీ చక్కదిద్దే సంస్కర్త చెయ్యి కనిపిస్తుంది గానీ, మొదటి అధ్యాయాల్లో భట్రాజుల మధ్య మురిసిపోయే పెద్దమనిషి ఇప్పటికీ సజీవుడే.

ఇలాంటి మనిషిని ఇంకా లోతుగా చూపించింది పాలగుమ్మి పద్మరాజు. కాకినాడ పీఆర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన ఆయన ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అందులో రావుగారు సూత్రాల మనిషి. ముష్టి వెయ్యకూడదన్నదీ ఆయన సూత్రాల్లో ఒకటి. రైల్లో అడుక్కునే ఆడమనిషి ఎంత బతిమాలినా చిల్లర తియ్యడు. అదే రాత్రి తుపానులో, చీకటి స్టేషన్లో, ప్రాణభయంతో ఆమెనే పట్టుకుని వణుకుతాడు. ఆమె మాత్రం దేవతేమీ కాదు. ధైర్యం చెప్పిన ఆ చేత్తోనే ఆయన పర్సు కాజేస్తుంది. దయా దొంగతనమూ ఒక మనిషిలోనే ఉన్నాయి. ఏది నిజమైన ఆమె అని పద్మరాజు తీర్పు చెప్పడు. ఆమెను మెత్తబరిచి, పర్సు జోలికి పోనివ్వకుండా రాసుంటే కథ రావుగారి పశ్చాత్తాపంతో సరిపెట్టుకునేది.

అలాగని దుర్గుణాలు తగిలిస్తే పాత్ర తయారైపోదు. గడ్డం, సీసా, కోపం ఇప్పుడు హీరోకి కొత్త నగలు. 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’లో డాక్టరు తాగుడు వల్ల వృత్తికి దూరమవుతాడు, నిజమే. ఆ కోపం భరించిన ప్రియురాలు ప్రీతి మనసులో ఏముందో మాత్రం సినిమా పెద్దగా పట్టించుకోదు. ఒకరి లోపానికి మూల్యం ఇంకొకరు కడుతున్నప్పుడు, ఆ రెండోవాళ్లకూ మాట, ఆశ, అబద్ధం ఉండాలి. ‘గాలివాన’లో అడుక్కునే మనిషికి అవన్నీ ఉన్నాయి.

డెల్టా కథకులకు ఇవాళ కొదవలేనిది ముడిసరుకే. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి మీద కథలు వస్తున్నాయి. వాటిలో చాలావరకు ఆమె త్యాగమూర్తి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆమె దాచే విషయం ఏమిటి? పంపిన డబ్బులో తనకంటూ ఎంత మిగుల్చుకుంటుంది? తిరిగి రావాలని ఆమెకు నిజంగా ఉందా? వరిచేను రొయ్యల చెరువు తవ్వకానికి లీజుకిచ్చి, పక్క రైతు పొలం ఉప్పుబారితే తలొంచుకుని వెళ్లే రైతునీ ఇలాగే అడగాలి. అతన్ని బాధితుడిగానో ద్రోహిగానో తేల్చేసే తొందర సంపాదకీయాలకు ఉంటే ఉండనివ్వండి, కథకుడికి అక్కర్లేదు. లీజు కాగితం మీద సంతకం పెట్టే ముందు రోజు అతను ఇంట్లో భార్యతో ఏం మాట్లాడాడో, ఏం దాచాడో రాస్తే చాలు.