నల్లులున్నాయని చెప్పడానికి సిగ్గెందుకు?

"మా ఇంట్లో దోమలు ఎక్కువండీ" అని ఎవరైనా ధైర్యంగా చెబుతారు. చీమలున్నాయని చెబుతారు. బొద్దింకలున్నాయని చెబుతారు. ఎలుకలు బియ్యం బస్తా కొరికేస్తున్నాయని కూడా చెబుతారు. కాని "మా ఇంట్లో నల్లులున్నాయి" అని చెప్పేవాళ్ళు మీకెప్పుడైనా తటస్థపడ్డారా? రాత్రంతా గోక్కుంటూ కూర్చుంటారు గాని ఆ మాట మాత్రం పైకి చెప్పరు.

ఇది చాలా విచిత్రమైన సంగతి. దోమ మలేరియా తెస్తుంది, డెంగీ తెస్తుంది, బోదకాలు తెస్తుంది. ఎలుకల వల్ల ప్లేగు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన రోజులున్నాయి. నల్లి మాత్రం, ఇంతవరకు శాస్త్రజ్ఞులకు తెలిసినంతలో, ఒకరి జబ్బును మరొకరికి అంటించడం లేదు. జబ్బులు తెచ్చేవాటి గురించి చెప్పడానికి లేని సిగ్గు, తేనిదాని గురించి చెప్పడానికి ఎందుకు? ఈ సిగ్గే నల్లికి పెట్టని కోట అని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో వినండి.

నల్లి మీద పడిన నింద

నల్లికి చెడ్డపేరు కొత్తగా వచ్చింది కాదు. మీరు చదువుకునే సుమతీ శతకంలోనే నల్లి ఉంది. అల్పుడితో స్నేహం చేస్తే నల్లితో చేరిన మంచానికి పట్టిన గతే మనకూ పడుతుందని అక్కడి నీతి. నీతి మంచిదే. అయితే దాన్ని మనం తలకిందులు చేసుకున్నాం. నల్లి ఉన్న ఇల్లంటే తక్కువ మనుషుల ఇల్లు అనుకోవడం మొదలుపెట్టాం.

ఒకసారి శాస్త్రజ్ఞులు కూడా నల్లిని తప్పుగా అనుమానించారు. కాలా అజార్ అనే భయంకరమైన జ్వరం మన దేశంలో లక్షలమందిని చంపింది. 1907లో మద్రాసులో పనిచేస్తున్న పాటన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ జబ్బును మోసేది నల్లే అని భావించాడు. చాలా ఏళ్ళు పరిశోధనలు జరిగాయి. చివరకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు అసలు దోషి ఇసుక ఈగ అని ఋజువు చేశారు. అనుమానం వేరు, ఋజువు వేరు. శాస్త్రజ్ఞులు ఋజువు దొరకగానే మాట మార్చుకున్నారు. మనం మాత్రం ఇంకా మార్చుకోలేదు.

నల్లికి మురికితో పని లేదు

"నల్లులు మురికి ఇళ్ళలోనే ఉంటాయి" అంటారు. ఇది నిజమేనా? ఒక్కసారి ఆలోచించండి. ఈగ మురికి మీద వాలుతుంది, ఎందుకంటే అక్కడ దానికి ఆహారం ఉంది. బొద్దింక ఎంగిలి మెతుకుల కోసం వస్తుంది. నల్లి తినేది ఏమిటి? రక్తం. రక్తం తప్ప అది ఇంకేదీ ముట్టదు. రోజూ తలంటుకునే మనిషిలోనూ రక్తం ఉంది, స్నానమే చెయ్యని మనిషిలోనూ రక్తం ఉంది. మన శరీరపు వెచ్చదనాన్ని, మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పసిగట్టి అది దగ్గరకు వస్తుంది. అయిదు పది నిమిషాలు రక్తం పీల్చి మళ్ళీ సందులోకి పోతుంది. దానికి కావలసినవి రెండే: నిద్రపోయే మనిషి, దాక్కోవడానికి సందు. ఇల్లు నిండా సామాను ఉంటే సందులు ఎక్కువగా ఉంటాయన్నది నిజమే. అంతకుమించి మురికికి, నల్లికి సంబంధం లేదు.

2010లో న్యూయార్కు నగరంలో కొన్ని పెద్ద బట్టల దుకాణాలను నల్లుల వల్ల కొద్ది రోజులు మూసెయ్యవలసి వచ్చింది. 2023లో పారిస్ నగరమంతా నల్లుల గొడవే. సినిమా హాళ్ళలో, రైళ్ళలో నల్లులున్నాయని జనం బెంబేలెత్తారు. అవి రెండూ బీద ఊళ్ళు కావు కదా!

మరి నల్లి ఎలా వస్తుంది? దానికి రెక్కలు లేవు, మిడతలా గెంతనూ లేదు. మన సామానులో దాక్కుని మనతోపాటే ప్రయాణం చేస్తుంది. చోడవరం సంగతే తీసుకోండి. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలోను, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోను ఉన్న ఊరు ఇది. చుట్టూ చెరకు తోటలు, దగ్గరలో గోవాడ చక్కెర కర్మాగారం. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వచ్చిపోయే జనం ఉంటారు. మాడుగుల, చీడికాడ, బుచ్చెయ్యపేట, రావికమతం వైపు పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఉంటారు. బస్సు సీటు, అద్దెకు తెచ్చిన పరుపు, పాత మంచం, హాస్టలు పిల్లవాడి ట్రంకు పెట్టె, పెళ్ళికి వెళ్ళివచ్చిన సంచి—వీటిలో ఏదైనా నల్లికి వాహనమే. జనం రాకపోకలున్న ప్రతి ఊరికీ నల్లి రాగలదు. అందులో ఒకరి తప్పేముంది?

దాచిపెడితే ఏమవుతుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆడ నల్లి రోజుకు 3 గుడ్లు పెడుతుందనుకోండి. నెల రోజులకు 90 గుడ్లు. గుడ్డు మిల్లీమీటరు పొడవే ఉంటుంది. తెల్లగా ఉండి, జిగురుతో చెక్కకు అంటుకుపోతుంది. మన వేడి ప్రాంతంలో వారం, పది రోజుల్లో పొదుగుతుంది. పిల్ల నల్లి అయిదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ఒక్కొక్క కుబుసానికి ముందు ఒక్కసారైనా రక్తం తాగాలి. పెద్దదయ్యేందుకు అయిదారు వారాలు చాలు. పుట్టిన 90లో సగం ఆడవనుకుంటే, మూడో నెల నిండేలోపల 45 తల్లులు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

మొదటి వారంలో "నా మంచంలో నల్లి కనిపించింది" అని చెప్పి ఉంటే ఒక్క మంచంతో పని తీరేది. సిగ్గుపడి రెండు నెలలు దాస్తే గదంతా పట్టుకుంటుంది. హాస్టల్లో ఇది మరీ ప్రమాదం. చెప్పిన పిల్లవాడిని "నువ్వే తెచ్చావు" అని వేలెత్తి చూపితే, మర్నాటి నుంచి ఇంకెవ్వరూ చెప్పరు. రాత్రులు నిద్రలేక, గోకిన చోట పుండ్లు పడి, తరగతిలో కునికిపాట్లు పడే పిల్లవాడిని మాస్టారు సోమరి అనుకుంటారు. జబ్బు తేనంత మాత్రాన నల్లి చేసే హాని చిన్నదేమీ కాదు.

రహస్యం, విషం

సిగ్గువల్ల ఇంకో పెద్ద నష్టం ఉంది. ఎవరినీ అడగరు కాబట్టి చేతికందిన విషం తెచ్చి గుట్టుగా చల్లేస్తారు. పొలంలో పురుగులకు కొట్టే మందును పరుపు మీద కొట్టేవాళ్ళున్నారు. ఆ పరుపు మీదనే పసిపిల్లలు పడుకుంటారు! ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను గదిలో పెట్టేవాళ్ళూ ఉన్నారు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటిలోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. అది పక్క గదిలోకి, పక్క ఇంట్లోకి కూడా పాకుతుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో జరిగాయి. నల్లి ఎవరినీ చంపదు. దాన్ని చంపబోయి మనుషులు చనిపోవడం ఎంత అన్యాయం!

పోనీ, విషంతో నల్లి పోతుందా? డి.డి.టి. కథ వినండి. అది పురుగులను చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు. అందుకు 1948లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మొదట్లో నల్లులు కుప్పలుగా చచ్చాయి. కాని 1947 నాటికే హవాయి దీవుల్లో డి.డి.టి.కి చావని నల్లులు కనిపించాయి. వేయి నల్లుల్లో తొమ్మిదివందల తొంభైతొమ్మిది చచ్చి, ఏ కారణం వల్లనో ఆ మందుకు తట్టుకున్న ఒక్కటి మిగిలిందనుకోండి. తరవాతి సంతానమంతా దానిదే. మందు మళ్ళీ చల్లితే ఫలితం ఏముంటుంది? 1953 నుంచి మన దేశంలో మలేరియా నివారణకు ఇళ్ళ గోడల మీద డి.డి.టి. చల్లారు. నల్లులు చచ్చినంతకాలం జనం సంతోషించారు. అవి మందుకు అలవాటుపడ్డాక "చల్లినా ఏం లాభం?" అని కొన్నిచోట్ల తలుపులు వేసుకున్నారు. నల్లి చావలేదని దోమకు మేలు చేశారన్నమాట! ఈనాడు దుకాణాల్లో దొరికే చాలా స్ప్రే మందులకు కూడా నల్లులు లొంగడం లేదు.

నల్లి తట్టుకోలేనిది

నల్లి ఏ మందుకైనా అలవాటుపడవచ్చు గాని సలసల కాగే నీళ్ళకు అలవాటుపడలేదు. 45 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పెద్ద నల్లి చావడానికి సుమారు గంటన్నర పడుతుంది, గుడ్లకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. 50 డిగ్రీలు దాటితే నల్లులూ గుడ్లూ కూడా కొద్ది నిమిషాల్లో చస్తాయి. మన అమ్మమ్మలు నులక మంచం పట్టెల మీద, కోళ్ళ బెజ్జాల్లో మరిగిన నీళ్ళు పోసేవారు. వారికి ఈ అంకెలు తెలియవు, కాని పద్ధతి సరైనదే. మంచాన్ని ఊరికే ఎండలో పడేస్తే మాత్రం చాలదు. నల్లి నీడ ఉన్న పక్కకు జరిగి దాక్కుంటుంది.

ఏం చెయ్యాలో వరసగా చెప్పుకుందాం. ముందు టార్చిలైటు పట్టుకుని వెతకండి. పరుపు కుట్లు, మంచం అతుకులు, గోడ పగుళ్ళు, పటాల వెనక చూడండి. సిరాచుక్కల్లాంటి నల్లటి మచ్చలు, ఎండిన కుబుసాలు కనిపిస్తే నల్లులున్నట్లే. పక్కబట్టలను అక్కడికక్కడే సంచిలో మూటగట్టి తీసుకుపోయి, వేడినీళ్ళలో నానబెట్టి ఉతకాలి. పరుపు కుట్ల మీద ఇస్త్రీపెట్టె వేడిని పెద్దవాళ్ళ చేత పట్టించాలి. మంచాన్ని బయటకు తెచ్చి అతుకుల్లో మరిగే నీళ్ళు పోయాలి. ఇదీ పెద్దవాళ్ళ పనే, మీరు చెయ్యకండి. ఇనప మంచాల గొట్టాల చివరలు మూసెయ్యాలి. గోడ పగుళ్ళను సిమెంటుతో పూడ్చాలి.

ఇదంతా ఒక్కసారి చేసి ఊరుకుంటే లాభం లేదు. కంటికి కనబడని గుడ్లు మిగిలే ఉంటాయి. అవి పొదిగాక, పెద్దవి కాకముందే, అంటే వారం పది రోజులకు ఒకసారి చొప్పున కనీసం మూడుసార్లు చెయ్యాలి.

మంచాన్ని గోడకు దూరంగా జరిపి, కోళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టడం మంచి ఉపాయం. చల్లటి దేశాల్లోని సైమెక్స్ లెక్టులేరియస్ అనే నల్లి నున్నటి గోడ ఎక్కలేదు, అక్కడ ఖాళీ గిన్నె చాలు. మన వేడి ప్రాంతపు నల్లి సైమెక్స్ హెమిప్టెరస్. దీని కాళ్ళకు పట్టు ఎక్కువ, నున్నటి గిన్నెను కూడా ఎక్కగలదు. అందుకే మన పళ్ళెంలో నీళ్ళుండాలి, కాస్త సబ్బు కలిపితే ఇంకా మంచిది. ఆ నీళ్ళను రెండు మూడు రోజులకొకసారి పారబోసి, పళ్ళెం తోమి మళ్ళీ పొయ్యాలి. లేకపోతే నల్లిని ఆపబోయి డెంగీ దోమను పెంచినట్లవుతుంది!

"అంత ఓపిక ఎవరికుంది? మనుషులను పిలిచి మందు కొట్టిస్తే పోదూ?" అంటారు కొందరు. నల్లులు బాగా ముదిరిపోతే, శిక్షణ ఉన్నవాళ్ళను పిలవక తప్పదు. అప్పుడు కూడా ఇళ్ళలో వాడదగిన మందేనా అని చూసుకోవాలి, వేడినీళ్ళ పని మానకూడదు. "చెబితే మా ఇంటికి ఎవరూ రారు" అనేది రెండో అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. నలుగురూ నవ్వే ఊళ్ళో ఒక్కరే ధైర్యం చెయ్యడం కష్టం. అందుకే దీన్ని ఒక్కొక్క ఇంటి ధైర్యానికి వదిలిపెట్టకూడదని నేనంటాను. ముందు నవ్వడం మానవలసింది మిగిలినవాళ్ళు.

హాస్టళ్ళలో నెలకొక ఆదివారం మంచాల తనిఖీ పెట్టాలి. అన్ని మంచాలనూ చూడాలి, ఫలానావాడి మంచమని కాదు. నల్లి కనిపిస్తే మంచం నంబరు రాసుకోవాలి గాని పిల్లవాడి పేరు రాయకూడదు. నీళ్ళు కాచే పని హాస్టలువాళ్ళదే. సినిమా హాళ్ళవాళ్ళు, బస్సులవాళ్ళు కూడా తమ సీట్లను ఇలాగే చూసుకోవాలి. మీరు చెయ్యగలిగింది కూడా ఒకటుంది. మీ పక్క మంచం కుర్రవాడు "నల్లి కుట్టిందిరా" అంటే దూరంగా జరగకండి. టార్చిలైటు తీసుకుని వాడితోపాటు వెతకండి.