తాళంచెవి లోపలే ఉంది

ఇస్లామిక్ సంప్రదాయం గడ్డకట్టుకుపోయిందనీ, దాన్ని వదిలించుకుంటే తప్ప ముస్లిం ఆధునికుడు కాలేడనీ ఒక మాట మన చర్చల్లో అరిగిపోయిన నాణెంలా చెలామణి అవుతోంది. ఆ మాట అనేవాళ్లు పాకిస్తానీ ఇస్లామిక్ పండితుడు ఫజ్లుర్ రహ్మాన్ జీవితాన్ని ఒక్కసారి తిరగేస్తే బాగుండు.

1919లో, నేటి పాకిస్తాన్‌లోని హజారా ప్రాంతంలో పుట్టారాయన. తండ్రి సంప్రదాయ ఇస్లామిక్ విద్యకు పేరుపడ్డ దేవ్‌బంద్‌లో చదివిన మౌలానా. పదేళ్లకే కొడుక్కి ఖురాన్ కంఠతా వచ్చేసింది. ఆధునిక కాలం సవాలే కాదు, అవకాశం కూడా అని ఆ పిల్లాడికి నేర్పింది ఆక్స్‌ఫర్డ్ కాదు, ఆ మౌలానాగారే. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లినా, పరిశోధించింది మధ్యయుగ ముస్లిం తత్వవేత్త ఇబ్న్ సీనా తత్వం మీదే.

ఆయన పద్ధతి తెలియాలంటే వడ్డీ గొడవ చూడాలి. ఖురాన్ 'రిబా'ను నిషేధించింది కాబట్టి బ్యాంకు వడ్డీ కూడా హరామే (నిషిద్ధమే) అన్నారు ఉలమాలు, అంటే మతపండితులు. రహ్మాన్ ముందు ఏడో శతాబ్దపు అరేబియాకు వెళ్లారు. అక్కడ గడువుకు బాకీ తీర్చలేనివాడికి వాయిదా ఇచ్చి, బాకీని రెట్టింపు చేసేవారు. మళ్లీ తప్పితే మళ్లీ రెట్టింపు. చక్రవడ్డీకి పొలం పోగొట్టుకున్న రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నిషేధం ఆ పీడన మీద అని తేల్చుకుని, ఆ నీతితో నేటి బ్యాంకు దగ్గరికి తిరిగొచ్చారు. ఇప్పటి నుంచి అప్పటికి, అప్పటి నుంచి మళ్లీ ఇప్పటికి సాగే ఈ ప్రయాణాన్నే 1982లో 'ఇస్లాం అండ్ మోడర్నిటీ'లో సిద్ధాంతంగా నిలబెట్టారు. బ్యాంకు వడ్డీ అంతా రిబా కాదన్న ఆయన తీర్పు మీకు నచ్చకపోవచ్చు. కానీ అందులో అరువు సరుకేదీ?

"మరి ఆయన్ని తరిమేశారుగా!" అంటారు. నిజమే. 1962 నుంచి పాకిస్తాన్‌లో ప్రభుత్వ ఇస్లామిక్ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్న ఆయన, 1968లో ఆందోళనల మధ్య రాజీనామా చేశారు. ఛాందసుల పాత్రను తక్కువ చేయను. కానీ ఆ ఏడాది వీధుల్లో రాజుకున్న కోపం అయూబ్‌ఖాన్ మీద. 1958లో సైన్యం బలంతో గద్దెనెక్కిన పాలకుడి గొడుగు కింద నిలబడి సంస్కరణ మాట్లాడటం రహ్మాన్ చేసిన పొరపాటు. ఏలికకు గురిపెట్టిన రాళ్లు పండితుడికీ తగిలాయి. ఆ లెక్క మొత్తం సంప్రదాయం ఖాతాలో రాయడం అన్యాయం.

తర్వాత 1988లో కన్నుమూసేదాకా చికాగో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అక్కడ చదివిన నుర్‌ఖోలిష్ మజీద్ ఇండోనేషియాకు తిరిగి వెళ్లి, ఆ దేశపు ముస్లిం ఆలోచనాపరుల్లో ముందువరుసలో నిలిచారు.

గడ్డకట్టిందనే విమర్శకుడు, కదపకూడదనే ఛాందసుడు ఒకరినొకరు తిట్టుకుంటూనే ఒకే మాట చెబుతున్నారు. ఇద్దరికీ జవాబు, ఇంట్లో కొడుక్కి పాఠం చెప్పిన ఆ దేవ్‌బంద్ మౌలానాయే.