ఆ ఒక్క నిమిషం

పోయిన జూలైలో ఒక రాత్రి. తెల్లారితే డేటా స్ట్రక్చర్స్ ఎగ్జామ్. నేను మాత్రం రాత్రి రెండింటికి లాప్‌టాప్‌లో న్యూయార్క్‌లోని ఒక జైలు వీడియో పెట్టుకుని కూర్చున్నాను. దాదాపు పదకొండు గంటల వీడియో. అందులో ఏమీ జరగదు. ఖాళీ హాలు, మెట్లు, అప్పుడప్పుడు ఒక మనిషి. కానీ మూలన ఉన్న గడియారం 11:58:58 దాకా వచ్చి, ఒక్కసారిగా 12:00:00కి దూకుతుంది.

స్క్రీన్‌షాట్ తీసి హాస్టల్ గ్రూపులో పెట్టాను. "కట్ చేశారు. మర్డర్ కన్ఫర్మ్." వరసగా మంట ఎమోజీలు పడ్డాయి. నా రూమ్మేట్ దుప్పట్లోంచే అడిగాడు: "ఆ నిమిషంలో ఏం జరిగిందో నీకు తెలుసా మావా?" తెలీదన్నాను. "మరి కన్ఫర్మ్ ఏంట్రా?" అన్నాడు. "నువ్వు సర్కారు మనిషివిరా" అని తిట్టి పడుకున్నాను. (ఎగ్జామ్ గురించి అడక్కండి.)

జెఫ్రీ ఎప్‌స్టీన్ ఎవరో తెలియని వాళ్లకి రెండు ముక్కలు. కోట్లకు పడగలెత్తిన అమెరికన్. పరిచయస్తుల్లో మాజీ అధ్యక్షులు, కాబోయే అధ్యక్షుడు, బ్రిటిష్ యువరాజు, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఉన్నారు. మైనర్ ఆడపిల్లల్ని లైంగికంగా దోచుకున్నాడు, రవాణా చేశాడు అనే కేసులో 2019 జూలైలో అరెస్టయ్యాడు. ఆగస్టు 10న మాన్‌హటన్‌లోని జైలు గదిలో చనిపోయి కనిపించాడు. ఆత్మహత్య అని ప్రభుత్వం చెప్పింది. జనం నమ్మలేదు. అప్పటికి నేను ఎనిమిదో క్లాసు. అతను ఎవరో తెలియకముందే అతను ఆత్మహత్య చేసుకోలేదు అనే మీమ్ నాకు తెలుసు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి అనుకుంటా.

జనం ఎందుకు నమ్మలేదో చూస్తే, నమ్మకపోవడం పిచ్చి కాదు అనిపిస్తుంది. అమెరికా న్యాయశాఖలోనే ఉండే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2023లో ఇచ్చిన రిపోర్టులో ఉన్న సంగతులే చెప్తాను, ఎవరో యూట్యూబర్ చెప్పినవి కాదు. జూలై 23న అతను మెడ మీద గాయాలతో దొరికాడు. కొన్నాళ్లు ప్రత్యేక నిఘాలో పెట్టి తీసేశారు. ఒంటరిగా ఉంచొద్దని చెప్పినా, ఆగస్టు 9న తోటి ఖైదీని వేరే చోటికి పంపి ఇంకొకర్ని పెట్టలేదు. రికార్డింగ్ సిస్టమ్ జూలై చివర్లోనే పాడైంది. దాదాపు సగం కెమెరాలు బొమ్మ చూపిస్తాయి గానీ ఏదీ సేవ్ కాదు. ముందే తెలిసినా ఆ రాత్రికి రిపేర్ పూర్తి కాలేదు. అరగంటకోసారి గదులు చూడాల్సిన ఇద్దరు గార్డులు అతని గదికి కూతవేటు దూరంలో కూర్చుని, నెట్‌లో ఫర్నిచరూ మోటార్‌సైకిళ్లూ చూసుకుంటూ, కాసేపు నిద్రపోయి, ఖైదీల్ని లెక్కపెట్టినట్టు కాగితాల మీద సంతకాలు పెట్టేశారు. మన భాషలో ప్రాక్సీ అటెండెన్స్. చివరికి వాళ్లకి పడింది వంద గంటల సమాజసేవ. కేసు కొట్టేశారు.

ఇంత చెప్పి కూడా ఆ రిపోర్టు, ఆత్మహత్య అన్న నిర్ధారణకి ఎదురు నిలిచే ఆధారం మాకు దొరకలేదు అంటుంది. మామూలు ఖైదీ అయితే ఇది నిర్లక్ష్యం అని ఊరుకుంటాం. కానీ అతను నోరు విప్పితే ఇబ్బందిపడే వాళ్లు ఎంతమందో, ఎంత పెద్దవాళ్లో జనానికి తెలుసు. అలాంటి మనిషి దగ్గరే ఇన్ని ఒకేసారి పాడైతే, మామూలు బుర్ర ఉన్న ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇప్పుడు నా నిమిషం సంగతి. అటార్నీ జనరల్ పామ్ బాండీని విలేకరులు అడిగారు. పాత సిస్టమ్, రోజూ అర్ధరాత్రి రీసెట్ అవుతుంది, ప్రతి రాత్రీ ఆ నిమిషం పోతుంది అని ఆవిడ జవాబిచ్చింది. అదే వారం వైర్డ్ పత్రిక ఆ ఫైల్ మెటాడేటా తీసి చూసింది. ముడి ఫుటేజ్ అని ఇచ్చినది కెమెరాలోంచి నేరుగా వచ్చిన ఫైల్ కాదు, రెండు ముక్కలు అతికించి అడోబీ ప్రీమియర్‌లో సేవ్ చేసింది. ఆ తర్వాత సెప్టెంబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ బయటపెట్టిన ఫుటేజ్‌లో ఆ పోయిన నిమిషం ఉంది. చూశాను. అందులో ఏమీ లేదు. అదే ఖాళీ హాలు.

దీంతో ఎవరు గెలిచారో నాకు అర్థం కాలేదు. నా మర్డర్ కన్ఫర్మ్ తుస్సుమంది, నిజమే. కానీ రోజూ పోతుందన్న నిమిషం పోలేదు కదా. అంటే ఏమీ లేని నిమిషానికి కూడా ప్రభుత్వం సరైన జవాబు చెప్పలేకపోయింది. పైగా ఆ వీడియోలో అతని గది తలుపే కనపడదు. నేను రాత్రంతా చూసింది దేనికో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అసలు నన్ను కుదిపింది వేరే ఉంది. ఓడిపోయిన కోపంలో, ఏదో ఒకటి దొరకకపోతుందా అని పాత కాగితాలు చదవడం మొదలెట్టాను. అప్పుడు తగిలింది 2007 ఒప్పందం.

ఎప్‌స్టీన్ మొదటిసారి దొరికింది 2019లో కాదు. 2005లోనే. ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో పద్నాలుగేళ్ల అమ్మాయి ఇంట్లోవాళ్లు పోలీసులకి చెప్పారు. పోలీసులు కూపీ లాగితే ఇంకా చాలామంది అమ్మాయిలు బయటపడ్డారు. కేసు ఫెడరల్ ప్రభుత్వం దాకా వెళ్లింది. 53 పేజీల అభియోగపత్రం ముసాయిదా తయారైంది. అది కోర్టుకి చేరలేదు. 2007 సెప్టెంబర్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు, ఎప్‌స్టీన్ లాయర్లు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారు. మేము కేసు పెట్టం, నువ్వు రాష్ట్ర కోర్టులో రెండు చిన్న నేరాలు ఒప్పుకో అని. పద్దెనిమిది నెలల శిక్ష, ఉన్నది దాదాపు పదమూడు నెలలు. ఆ జైలు కూడా ఎలాంటిదంటే, వారానికి ఆరు రోజులు, రోజుకి పన్నెండు గంటల దాకా బయటికి వెళ్లి తన ఆఫీసులో కూర్చోవచ్చు. మా హాస్టల్ వార్డెన్ దగ్గర ఇంత ఔటింగ్ దొరకదు.

అందులో ఒక వాక్యం ఉంది, మూడుసార్లు చదివాను. ఎప్‌స్టీన్‌కే కాదు, అతనికి సహకరించి ఉండగల వాళ్ల మీద కూడా కేసులు పెట్టం అని. నలుగురి పేర్లు రాసి, ఈ నలుగురికే పరిమితం కాదు అని చేర్చారు. కోడ్ రాసేవాళ్లకి వెంటనే వెలుగుతుంది. అది వైల్డ్‌కార్డ్. పేరు తెలియని ప్రతి పెద్దమనిషికీ పర్మిషన్ ఇచ్చేసిన స్టార్ గుర్తు.

ఇది ఏ చీకటి గదిలోనో జరిగిన కుట్ర కాదు. లెటర్‌హెడ్ మీద, సంతకాలతో జరిగింది. బాధితురాళ్లకి చెప్పలేదు. ఒప్పందం అయిపోయిన నెలల తర్వాత, 2008 జనవరిలో కూడా, మీ కేసు దర్యాప్తులో ఉంది, ఓపిక పట్టండి అని వాళ్లకి ఉత్తరాలు వెళ్లాయి. మయామీ హెరాల్డ్ విలేకరి జూలీ బ్రౌన్ 2018లో ఆ అమ్మాయిల్ని వెతికి పట్టుకుని రాసేదాకా ప్రపంచానికి పట్టలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక ఫెడరల్ జడ్జి, ప్రాసిక్యూటర్లు బాధితుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించారని తీర్పిచ్చాడు. ఒప్పందం కాలంలో అక్కడ ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా ఉన్న అలెగ్జాండర్ అకోస్టా అప్పటికి కార్మిక మంత్రి. అదే జూలైలో రాజీనామా చేశాడు. న్యాయశాఖ సొంత విచారణ 2020లో తేల్చిందేంటంటే, ఆయనది సరైన విచక్షణ లేకపోవడమే తప్ప దుష్ప్రవర్తన కాదట.

ఇదంతా చదవడానికి నాకు మెటాడేటా అక్కర్లేదు. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడక్కర్లేదు. ఏళ్లుగా అందరికీ తెరిచి ఉంది. కానీ నేను గ్రూపులో పెట్టింది ఏది? గడియారం స్క్రీన్‌షాట్. ఒప్పందం పీడీఎఫ్ పెట్టి ఉంటే ఒక్క మంట ఎమోజీ కూడా పడేది కాదు, నాకు తెలుసు. హత్య కథలో హీరో, విలన్, ట్విస్ట్ ఉన్నాయి. ఒప్పందంలో లాయర్ల భాష తప్ప ఏమీ లేదు. నాది అనుమానం అనుకున్నాను గానీ, అందులో సగం థ్రిల్లర్ మీద మోజు.

ఇంకో విషయం రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. అదే 2019, డిసెంబర్ 6. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. దిశ కేసులో నలుగురు నిందితుల్ని తెల్లవారుజామున పోలీసులు కాల్చి చంపారు. సీన్ రీకన్‌స్ట్రక్షన్‌కి తీసుకెళ్తే మా తుపాకులు లాక్కుని మా మీదే కాల్చారు, ఎదురు కాల్పుల్లో పోయారు అన్నారు. అదీ అధికారిక కథనమే. కస్టడీలో ఉన్న మనుషులు, చుట్టూ ఆయుధాలున్న పోలీసులు. అనుమానించడానికి ఎప్‌స్టీన్ గది కంటే ఏం తక్కువ? కానీ జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా అపార్ట్‌మెంట్‌లో స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను, రెండు. ఒక్కరూ వీడియో ఏది అని అడగలేదు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022 మే నెలలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పింది అల్లిన కథ, నమ్మేలా లేదు, కావాలనే కాల్చారు అని రాసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లు అని తేల్చింది. పది మంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలి అంది. ఆ అమ్మాయికి జరిగింది ఘోరం, అందులో రెండో మాట లేదు. అయినా న్యూయార్క్ జైలు మీద వచ్చిన అనుమానం చటాన్‌పల్లి మీద మనకి ఎందుకు రాలేదు? అక్కడ పోయినవాడు కోటీశ్వరుడు, ఇక్కడ పోయినవాళ్లు లారీ మీద బతికే కుర్రాళ్లు. అక్కడి కథ మనకి నచ్చలేదు, ఇక్కడి కథ నచ్చింది. నాకైతే వేరే కారణం దొరకలేదు. మీకు దొరికితే క్లబ్ మీటింగ్‌లో చెప్పండి, ఒప్పుకుంటాను.

అలాగని ప్రభుత్వం మాట నమ్మేయమని కాదు నేను చెప్పేది. నమ్మకపోవడం వల్లే కొంత పని జరిగింది. 2025 ఫిబ్రవరిలో ఎప్‌స్టీన్ క్లయింట్ల జాబితా గురించి టీవీలో అడిగితే, నా బల్ల మీదే ఉంది అంది బాండీ. జూలైలో ఆవిడ శాఖే అలాంటి జాబితా లేదంది. అదే మెమోలో బాధితులు వెయ్యి మందికి పైనే అని ఉంది. వెయ్యి మందికి పైగా బాధితులు, అతని తర్వాత జైల్లో ఉన్నది గిలేన్ మాక్స్‌వెల్ ఒక్కతే. ఈ లెక్క జనానికి మింగుడుపడలేదు, పడకూడదు కూడా. నవంబర్‌లో ఫైళ్లు బయటపెట్టాలనే బిల్లుని ప్రతినిధుల సభ 427-1 ఓట్లతో ఆమోదించింది. డిసెంబర్‌లో వచ్చిన ఫైళ్లలో పేజీలకి పేజీలు నలుపు పూసి ఉన్నాయి. కొన్నిటిలో ఆ నల్లడబ్బా కింద అక్షరాలు అలాగే ఉండిపోయాయి. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే చదవొచ్చు. మన ఫస్టియర్ వాళ్లు కూడా చేయని తప్పు.

ఈసారి మా రూమ్మేటే ఆ లింకు పంపాడు. "ఇది కూడా కన్ఫర్మా?" అని కింద రాశాడు. చదివి చెప్తానన్నాను. నలభై పేజీలు అయ్యాయి, ఇంకా చాలా ఉంది. జూలైలో పెట్టిన నా మెసేజ్ మాత్రం ఇంకా హాస్టల్ గ్రూపులో అలాగే ఉంది. అందరికీ డిలీట్ చేసే గడువు ఎప్పుడో దాటిపోయింది.