గస్తీవానికొక నీతి, పైవానికొక నీతియా?

2025 సెప్టెంబరు నెలాఖరున తిరువణ్ణామలైలో జరిగిన ఘోరము మీ పాఠకులు మరచియుండరు. ఆంధ్రనుండి సరకుబండిలో వచ్చుచున్న యువతిని, రాత్రి గస్తీలోనున్న ఇద్దరు కానిస్టేబుళ్లు బండి ఆపి, తీసికొనిపోయి చెరచిరని అభియోగము. వారిని అరెస్టు చేసి, కొద్దిరోజులలోనే ఉద్యోగమునుండి డిస్మిస్ చేసిరి. ఆ వార్త చదివి నేనును సంతోషించితిని. మా మనలికి రాత్రింబవళ్లు ఆంధ్రనుండి లారీలు వచ్చుచుండును. ఖాకీ దుస్తులవాడు చేయి యెత్తినచో ఎవరైనను బండి ఆపక తప్పదు గదా!

అయితే ఈ వేగము పై అధికారుల విషయమున ఏమైనది? 2021 ఫిబ్రవరిలో, స్పెషల్ డి.జి.పి.గా నున్న రాజేశ్ దాస్ కారులో తనపట్ల అసభ్యముగా ప్రవర్తించెనని ఒక మహిళా ఎస్.పి. ఫిర్యాదు చేయుటకు చెన్నైకి బయలుదేరగా, మరియొక ఎస్.పి. ఆమెను దారిలోనే ఆపించెను. ఫిర్యాదు చేయబోవునది ఎస్.పి. అయినపుడే ఇట్లున్నచో, కూలికి పోవు స్త్రీ గతి యేమి? మద్రాసు హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టిన పిమ్మటగాని దాస్‌ను సస్పెండు చేయలేదు. 2023 జూన్‌లో విల్లుపురం కోర్టు ఆయనకు మూడేండ్ల శిక్ష విధించెను. 2024లో జిల్లా కోర్టు అప్పీలును త్రోసివేసెను. దారిలో ఆపించిన ఎస్.పి.కి పడినది 500 రూపాయల జరిమానా! ఈ రాష్ట్రములో హెల్మెట్టు లేనివాడు చెల్లించునది 1,000.

కానిస్టేబులును జిల్లా ఎస్.పి.యే తీసివేయగలడు; ఐ.పి.ఎస్. వారిని తీసివేయుటకు కేంద్రప్రభుత్వపు ఆజ్ఞ కావలెను. నిబంధన అదియే కావచ్చును. కాని ఫిర్యాదు వచ్చిన దినముననే పదవినుండి తప్పించి ప్రక్కన పెట్టుటకు రాష్ట్రప్రభుత్వమునకు ఏ అడ్డంకియు లేదు.

డిస్మిస్ చేసినంతమాత్రమున పని తీరిపోదు. 2007లో మన వాకపల్లిలో పదకొండుగురు గిరిజన స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులపై అత్యాచారపు ఆరోపణ చేసిరి. పదహారేండ్లకు, 2023లో, విశాఖ కోర్టు నిందితులను విడిచిపెట్టుచు, దర్యాప్తు సరిగా జరుగలేదని తానే చెప్పి ఆ స్త్రీలకు పరిహారమిమ్మనెను. పోలీసులపై పోలీసులే దర్యాప్తు చేసినచో మరేమి జరుగును?

కావున ఇట్టి ఫిర్యాదులను శాఖకు వెలుపలివారు విచారింపవలెను. ఏ హోదావారిపై ఎన్ని ఫిర్యాదులు వచ్చినవో, ఎవరికే శిక్ష వేసిరో ఏటేట శాసనసభ ముందుంచవలెను. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు ప్రభుత్వములు మూడును దీనికి సమాధానము చెప్పవలసియున్నవి.

— ఒక చందాదారుడు, మనలి, చెన్నై