ఆగస్టు 10: మన చేతికి అందకుండా పోయిన న్యాయం

ఆగస్టు 15 అందరికీ గుర్తుంటుంది. దానికి ఐదు రోజుల ముందున్న తేదీ మన సంఘాల్లో ఎందరికి తెలుసు? 1950 ఆగస్టు 10న షెడ్యూల్డ్ కులాల జాబితాపై రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులస్థులుగా ఎంచకూడదని దాని మూడో పేరా తేల్చింది. మత స్వేచ్ఛకు హామీ ఇచ్చిన రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడు నెలలైనా కాలేదు. అందుకే దళిత క్రైస్తవులు ఈ తేదీని నిరసన దినంగా పాటిస్తున్నారు.

క్రైస్తవంలో కులం లేదు కదా, మరి ఆ హోదా ఎందుకు అని మమ్మల్ని అడుగుతారు. సిక్కు ధర్మం కులాన్ని ఒప్పుకుంటుందా? బౌద్ధం ఒప్పుకుంటుందా? అయినా 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ తలుపు తెరిచారు. అది న్యాయమే, మేము సంతోషిస్తున్నాం. అదే న్యాయం క్రైస్తవ, ముస్లిం దళితులకు ఎందుకు లేదు? షెడ్యూల్డ్ తెగల జాబితాకు ఇలాంటి మతం షరతే లేదు.

ఇంకో మాట. మతం మారినవాడు తిరిగి హిందువై, తన కులస్థులు అంగీకరిస్తే పాత హోదా మళ్లీ దక్కుతుందని సుప్రీంకోర్టు 2015లో కె.పి. మను కేసులో చెప్పింది. బాప్తిస్మపు నీళ్లలో కులం కొట్టుకుపోతే మళ్లీ ఎక్కడినుంచి వచ్చింది? అది ఎక్కడికీ పోలేదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు, పిల్లకు సంబంధం చూసినప్పుడు మా వెంటే ఉంది.

నష్టం ఉద్యోగాలతో ఆగదు. రిజర్వుడు నియోజకవర్గంలో నిలబడే హక్కు పోతుంది. దెబ్బలు తిన్నవాడికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అండ పోతుంది. కొట్టేవాడు మాత్రం మతం అడిగి కొట్టడు.

తమిళనాడులోనూ కర్ణాటకలోనూ షెడ్యూల్డ్ కులాల జాబితాలో ‘ఆది ఆంధ్ర’ అనే పేరుంది. పొరుగు రాష్ట్రాల్లో తరాలుగా బతుకుతున్న మన తెలుగువాళ్ల పేరే అది. చీపురు పట్టి ఆ నగరాలను శుభ్రం చేసిన కుటుంబాల్లో, ఆదివారం గుడికి ఒక పేరుతో, సోమవారం కార్యాలయానికి ఇంకో పేరుతో వెళ్లేవారున్నారు. వాళ్లను అబద్ధికులని పుల్పిట్ మీదనుంచి నిందించడం తేలిక. ఆ అబద్ధానికి వాళ్లను నెట్టిన చట్టాన్ని ప్రశ్నించడమే కష్టం.

మూడో పేరాలోని ఈ మత నిబంధనను తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫార్సు చేసింది. కేంద్రం దాన్ని అంగీకరించలేదు. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది, గడువూ పొడిగించింది. ఇలా కమిషన్లు వస్తూ పోతూ ఉంటే, అర్హత ఉన్న మా పిల్లల వయసు దాటిపోతోంది.

అయితే వేలు మనవైపూ చూపించుకోవాలి. ఒకే రొట్టె విరిచి, సమాధుల తోటలో వేరు వరుసలు గీసే సంఘాలు ఇంకా ఉన్నాయి. కులం చూసి కమిటీలు వేసుకునే మనం ప్రభుత్వాన్ని ఏ ముఖంతో నిలదీస్తాం? ఆ గీతలు చెరపడం కూడా ఈ పోరాటమే.

కాబట్టి సహోదరులారా, ఈ ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీతో సరిపెట్టుకోవద్దు. ఆరాధనలో మూడో పేరా చదివి వినిపించండి. మీ పార్లమెంటు సభ్యుణ్ణి కలిసి వినతిపత్రం ఇవ్వండి. దళిత ముస్లింలను, అంబేడ్కర్ సంఘాలను పక్కన కూర్చోబెట్టుకోండి. మేము అడుగుతున్నది దయ కాదు, చట్టం ముందు సమానత్వం.