చవక మిషను, గట్టి అతుకు

టాటాల కర్మాగారం నుంచి 1912లో తొలి ఉక్కు వెలువడిన జంషెడ్‌పూర్‌లో ఇనుమంటే ఎవరికీ బెరుకు ఉండదు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఊరది. బారిడీహ్ లాంటి నివాస ప్రాంతాల్లో గేటు కీలు ఊడినా, కిటికీ గ్రిల్ తుప్పుపట్టినా సొంతంగా అతికేసుకోవాలనుకోవడం సహజం. చేతిసంచిలో పట్టే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్లు ఆ ఉత్సాహాన్ని పెంచాయి. కానీ మిషను ఇంటికొచ్చాక రాడ్డు అంటుకుపోతుంది, అతుకు నిలవదు.

తప్పు చాలాసార్లు మిషనుది కాదు, దాని మీది అంకెను నమ్మడంలో ఉంది. 200 ఆంపియర్లు నిజంగా రావాలంటే ఆర్క్ దగ్గరే సుమారు 5,600 వాట్లు కావాలి. ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల వద్ద ఇచ్చేది 3,680 వాట్లే. కాబట్టి ఇంటి పనికి 2.5 మిల్లీమీటర్ల రాడ్డు, 60 నుంచి 90 ఆంపియర్లు సరి. సన్నటి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే వోల్టేజి పడిపోయి ఆ కాస్తా అందదు.

తర్వాతి సంగతి శుభ్రత. రంగు, తుప్పు గీకేసి, మెరిసే లోహానికే ఎర్త్ క్లాంపు తగిలించాలి. కొత్తవారి చేతికి 6013 రకం రాడ్డు తేలిగ్గా లొంగుతుంది. వానాకాలంలో దాని పూత చెమ్మ పీల్చుకుంటుంది కనుక గాలి చొరని డబ్బాలో దాచాలి. రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య ఎడం రాడ్డు మందాన్ని మించకూడదు. పలుచని పైపు మీద ఏకబిగిన లాగితే చిల్లు పడుతుంది. ముందు అక్కడక్కడా చుక్కలు పెట్టి, చల్లారనిస్తూ కలుపుకురావాలి.

పొదుపు పనికిరానిది కళ్ల విషయంలో. ఆర్క్ వెలుగును మామూలు చలువ కళ్లద్దాలు ఆపలేవు. కొన్ని గంటలు గడిచాక, కళ్లలో ఇసుక పోసినట్టు నొప్పి మొదలవుతుంది. పక్కన నిలబడి చూసే పిల్లలకూ అదే ముప్పు. సరైన అద్దమున్న షీల్డు, తోలు గ్లవుజులు, పొడి నేల తప్పనిసరి. జింకు పూతను గీకకుండా వెల్డు చేస్తే ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది.

పైకి నున్నగా కనిపించే అతుకు లోపల పట్టుకోకపోవచ్చు. పనికిరాని ముక్కలను అతికి, సుత్తితో కొట్టి చూడటమే అసలు పరీక్ష. అతుకు విరిగితే సాధన చాలలేదు. ఇనుమే వంగితే గేటు జోలికి వెళ్లొచ్చు. మేడ రెయిలింగు, ఉయ్యాల కొక్కెం మాత్రం చెయ్యి తిరిగినవారికి అప్పగించడమే మేలు. అక్కడ అతుకు మీద ఆధారపడేది మనిషి ప్రాణం.