తొంభై సెకన్ల సూత్రం – అవ్యాప్తి దోషం



ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బ్రతికిన పంతులు విమానాల జోలికి రావడమేమిటని మీరు నవ్వుకోవచ్చును. నవ్వండి, కాని టపా పూర్తిగా చదివి నవ్వండి.

మా గురువులు తర్కం మొదలుపెట్టిన రోజుననే లక్షణానికి ఉండకూడని దోషాలు మూడు చెప్పారు. ఆవు అంటే ఏమిటి అని అడిగితే ‘కపిలవర్ణం గలది’ అన్నామా, తెల్లావులన్నీ బయటపడిపోతాయి. అది అవ్యాప్తి. ‘కొమ్ములు గలది’ అన్నామా, గేదెలు కూడా లోపలికి వస్తాయి. అది అతివ్యాప్తి. ‘ఒంటి గిట్ట గలది’ అన్నామా, లోకంలో ఏ ఆవుకూ అది పొసగదు. అది అసంభవం. ఇన్నేళ్ళుగా ఈ పాఠం నాకు పద్యలక్షణాలు చెప్పడానికే పనికివచ్చింది. క్రిందటేడు మాత్రం విమానంలో పనికివచ్చింది.

మా అమ్మాయిని చూడడానికి నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళాము. నాకు అరవై ఏడు, ఆమెకు అరవై నాలుగు. ఆమెకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చక్రాల కుర్చీలో తీసుకువెళ్ళి కిటికీ ప్రక్క సీటులో కూర్చోబెట్టారు. విమానం కదలబోయే ముందు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఏవో జాగ్రత్తలు చెప్పారు. “ఏం చెప్పారండీ?” అన్నది ఆవిడ. నేను అనువదించి చెప్పేలోగా దీపాలు తగ్గించారు. అర్ధరాత్రి ఆమె లేవవలసి వచ్చినప్పుడు ఊరక గడియారం చూశాను. ముందు సీటు పట్టుకొని లేచి, నన్ను దాటి, నడవలో నిలబడేసరికి నలభై సెకన్లు పట్టింది. అప్పటికి నిప్పు లేదు, పొగ లేదు, తొక్కిసలాట లేదు.

తిరిగివచ్చాక ఈ మాట మా మేనల్లుడితో అన్నాను. అతడు ఇంజనీరు. “మామయ్యా, నీకెందుకు భయం? ఎంత పెద్ద విమానమైనా తొంభై సెకన్లలో ఖాళీ అవుతుందని పరీక్షించి ధ్రువీకరిస్తేనే గాని ఎగరనివ్వరు” అన్నాడు. మాట నిజమే. నిజం గనుకనే వివాదానికి దిగుతున్నాను.

తొంభై సెకన్ల సూత్రం అమెరికాలో పుట్టింది. 1965లో విమాన సంస్థలకు రెండు నిమిషాల గడువు పెట్టారు. 1967లో దానిని తొంభై సెకన్లకు తగ్గించి, విమానం తయారుచేసేవారికీ వర్తింపజేశారు. 44 మందికి మించి ప్రయాణికులు పట్టే విమానాలన్నిటికీ ఇది విధి. ఆ తొందరకు కారణం ఉన్నది. క్యాబిన్‌లో నిప్పు పుట్టినప్పుడు మంట కంటె ముందు పొగ చంపుతుంది. 1983 జూన్ 2న సిన్సినాటిలో దిగిన ఎయిర్ కెనడా విమానంలో తలుపులు తెరిచిన తరువాత నిమిషం, నిమిషంన్నర లోపలనే లోపలంతా ఒక్కసారిగా భగ్గుమన్నది. నలభై ఆరుగురిలో ఇరవైముగ్గురు బయటకు రాలేకపోయారు.

ఇక పరీక్ష జరిగే తీరు చూడండి. చీకటిలో జరగాలి. ద్వారాలలో సగమే వాడాలి. నడవలో సంచులూ దుప్పట్లూ అడ్డంగా పడి ఉండాలి. పాల్గొనేవారు ఆరునెలలలోపు అటువంటి పరీక్షలో పాల్గొన్నవారు కారాదు. ఇంతవరకు శ్లాఘనీయం. 2006 మార్చి 26న హాంబర్గులో ఎ380 విమానాన్ని ఈ విధంగానే పరీక్షిస్తే, 853 మంది ప్రయాణికులూ ఇరవైమంది సిబ్బందీ పదహారు ద్వారాలలో ఎనిమిదింటి గుండా 78 సెకన్లలో బయటపడ్డారు. ఆ ఇంజనీర్లకు చేతులెత్తి నమస్కరిస్తాను.

కాని ఆ ప్రయాణికులు ఎవరు? నియమం ప్రకారం అందరూ సాధారణ ఆరోగ్యం కలవారై ఉండాలి. నూటికి నలభైమంది స్త్రీలు, ముప్పై అయిదుగురు యాభై దాటినవారు, యాభై దాటిన స్త్రీలు పదిహేనుగురు ఉండాలి. చంటిబిడ్డలకు మారుగా మూడు బొమ్మలు. అంతే. యాభై ఒకటి నిండినవాడు ఒకడుంటే వృద్ధుల లెక్క సరిపోయినట్లే. చేతికర్ర పట్టినవారు లేరు, ఆరేళ్ళ పిల్లవాడు లేడు, చెప్పిన మాట అర్థం కాని ముసలమ్మ లేదు. పూర్వపు నియమంలో అరవై దాటినవారు నూటికి సుమారు అయిదుగురు, పన్నెండేళ్ళలోపు పిల్లలు కొందరు ఉండాలని ఉండేది. 1993లో దానిని తీసివేశారు. కపిలవర్ణం గల ఆవులను మాత్రమే దొడ్డిలోకి తోలి, మందంతా లెక్కకు వచ్చిందన్నట్లు లేదూ? ఇది అవ్యాప్తి కాకపోతే మరేది అవ్యాప్తి?

దీనికి మూడు సమాధానాలు వినిపిస్తాయి.

మొదటిది: “పరీక్షలో ముసలివాళ్ళను దూకిస్తే ఎముకలు విరుగుతాయి.” ఒప్పుకొంటాను. 1991లో లాంగ్ బీచ్‌లో ఎండీ-11 పరీక్షలో జారుడుబల్ల మీద నుంచి దిగుతూ అరవై ఏళ్ళ స్త్రీ ఒకామె మెడ విరిగి శరీరం చచ్చుబడిపోయింది. మరొక ఆమెకు అట్లా జరగాలని ఏ మనిషీ కోరడు. కాని పరీక్షకు పనికిరానంత పెళుసు ఎముకలు ప్రయాణానికి పనికివస్తున్నాయి గదా! టిక్కెట్టు అమ్మేటప్పుడు వయస్సు అడ్డురాలేదు. పరీక్షలో దూకించలేనివారిని లెక్కలోనైనా చేర్చాలి. నెమ్మదిగా కదిలేవారిని కలుపుకొని జనం ఎట్లా బయటపడతారో కంప్యూటరులో గుణించి చూసే పద్ధతులున్నాయి. ఇంగ్లండులోని గ్రీనిచ్ విశ్వవిద్యాలయంవారు అటువంటిది తయారుచేశారు కూడా. చేతిలో సాధనం ఉండగా లెక్క మానడం దయ అనిపించుకోదు.

రెండవది: “తొంభై సెకన్లు కొలబద్ద మాత్రమే. నిజంగా ప్రమాదం జరిగితే అంతలో అందరూ బయటపడతారని ఎవరూ హామీ ఇవ్వలేదు.” మంచిది. అయితే ఆ కొలబద్ద దేనిని కొలవలేదో కూడా చెప్పాలి. 1985 ఆగస్టు 22న మాంచెస్టరులో నేల మీదనే అంటుకొన్న బోయింగ్ 737లో 137 మందిలో 55 మంది చనిపోయారు. అందులో ఎక్కువమందిని చంపినది పొగ. ముందు ద్వారాల దగ్గర రెండు అడ్డగోడల నడుమ త్రోవ ఇరవైరెండున్నర అంగుళాలే. ఆ ఇరుకులో జనం ఇరుక్కుపోయారు. బుద్ధిగా వరుసలో నడిచే పరీక్షలో బయటపడని ఇరుకు, ప్రాణభయంతో త్రోసుకొన్నప్పుడు బయటపడింది.

ఆ తరువాత క్రాన్‌ఫీల్డులో ఆచార్య హెలెన్ మ్యూర్ చేసిన పని చూడండి. పరీక్షకు వచ్చినవారిలో ముందు బయటపడిన సగంమందికి తలా అయిదు పౌండ్లు అదనంగా ఇస్తామన్నారు. అంతే, మర్యాదస్తులందరూ సీట్ల మీదుగా ఎక్కి దూకారు! అయిదు పౌండ్లకే అంత త్రోపులాట అయితే ప్రాణానికి ఎంత? త్రోవ వెడల్పు ఎంత ఉండాలో, రెక్క మీది ద్వారం దగ్గర సీట్లు ఎంత ఎడంగా ఉండాలో ఆ పరీక్షలు చూపాయి. లక్ష్యాన్ని చూసి లక్షణం దిద్దుకోవడమంటే అది. ఒకసారి చేయగలిగినవారు మరొకసారి చేయలేరా?

మూడవది: “హనేడా చూడలేదా?” చూశాను. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 విమానం, కోస్టు గార్డు విమానంతో ఢీకొని తగలబడింది. చిన్న విమానంలోని ఆరుగురిలో అయిదుగురు పోయారు. పెద్దదానిలోని 379 మందీ బ్రతికారు. ఎనిమిది ద్వారాలలో మూడే పనికివచ్చాయి. మైకు పనిచేయక సిబ్బంది గొంతెత్తి అరిచి, మెగాఫోను పట్టి దారి చూపారు. ప్రయాణికులు పెట్టెలు వదిలి దిగారు. కాని చివరి మనిషి దిగేసరికి సుమారు పద్ధెనిమిది నిమిషాలయింది. అంటే వారిని కాపాడినది తొంభై సెకన్ల కాగితం కాదు. మంటను అంతసేపు బయటనే ఆపిన విమాన నిర్మాణం, సిబ్బంది శిక్షణ, ప్రయాణికుల క్రమశిక్షణ. హనేడా నా ప్రతివాదుల సాక్షి కాదు, నా సాక్షి.

ఇక సీట్ల సంగతి. 2018లో అమెరికా కాంగ్రెసు సీట్లకు కనీస కొలతలు నిర్ణయించమని చట్టం చేసింది. విమానయాన నియంత్రణ సంస్థవారు 2019 చివర, 2020 ఆరంభంలో ఓక్లహోమా నగరంలో 775 మందితో పరీక్షలు చేసి, ఇప్పుడున్న సీట్ల ఇరుకు దిగడానికి అడ్డు కాదని తేల్చారు. ఆ 775 మందీ పద్ధెనిమిదికీ అరవైకీ నడుమ వయస్సువారు! పిల్లలకూ వృద్ధులకూ వికలాంగులకూ ఈ ఫలితాన్ని రూఢిగా అన్వయించలేమని తరువాత ఆ సంస్థే ఒప్పుకొన్నది. చివరకు 2024లో మరొక చట్టం వచ్చి, వృద్ధులనూ పిల్లలనూ వికలాంగులనూ ఇంగ్లీషు రానివారినీ చేతిసామానునూ లెక్కలో పెట్టుకొని ఈ ప్రమాణాలను పరిశీలించమని ఆదేశించవలసి వచ్చింది. అరవై ఏళ్ళ సూత్రానికి ఈ పాటి వ్యాఖ్య చేర్చడానికి శాసనసభ పూనుకోవలసి వచ్చిందన్నమాట.

‘ఇంగ్లీషు రానివారు’ అన్న మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది. హైదరాబాదు నుంచి పిల్లల దగ్గరకు పురుళ్ళకూ పుణ్యాలకూ వెళ్ళే మన అమ్మలు, అత్తయ్యలు ఎందరు! వారికోసం తెలుగులో నాలుగు వాక్యాలు చదవడానికి ఏ కర్మాగారమూ కట్టనక్కరలేదు. ఏ ఇంజనీరూ సీటు మార్చనక్కరలేదు. రికార్డు చేసిన గొంతు చాలు.

నా కోరికలు మూడే. నెమ్మదిగా కదిలేవారిని చేర్చి లెక్క కట్టండి. ఆ లెక్కను బట్టి సీట్ల కనీస దూరం శాసించండి. జాగ్రత్తలు ప్రయాణికుల భాషలో చెప్పండి.

ఆ రోజు వచ్చేదాకా మన పని మనం చేయవచ్చు. మీ అమ్మానాన్నలను విమానం ఎక్కించేటప్పుడు ఊరగాయ జాడీలకు ఎన్ని మూటలు కట్టారో చూసుకొన్నట్లే ఈ నాలుగు మాటలూ చెప్పండి: కూర్చోగానే ద్వారం ఎన్ని వరుసల దూరంలో ఉన్నదో లెక్కపెట్టుకోవాలి, పొగలో కన్ను కనిపించదు గనుక చేయి తడుముకోవాలి. నడుముపట్టీ విప్పడం రెండుసార్లు అలవాటు చేసుకోవాలి. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కాళ్ళకు చెప్పులుండాలి. దిగండి అన్నప్పుడు సంచీ ముట్టుకోకూడదు, అందులో నగలున్నా సరే.

మా ఆవిడ ఈ టపా చదివించుకొని, “అంతా బాగానే ఉంది గాని, ఆ నలభై సెకన్ల సంగతి ఊరంతటికీ చెప్పాలా?” అన్నది. చెప్పాలి. ఆ నలభై సెకన్లు ఇంకా ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు.

నా మాటలో పొరపాటుంటే విజ్ఞులు దిద్దగలరు. స్వస్తి.